నిరాశ వేసే తప్పులెక్క

ఒకప్పుడు పరీక్షా ఫలితాలు కళాశాల నోటీసు బోర్డు మీద వెలువడేవి. తన నంబరు కనిపించని విద్యార్థి పక్కన మరొక విద్యార్థి నిలబడి ఉండేవాడు. భుజం మీద చేయి వేసేవాడు. నేడు ఫలితం చేతిలోని ఫోనులో, తలుపు మూసిన గదిలో వెలువడుతున్నది. పక్కన ఎవరూ లేరు. ఆ క్షణాన ఆ విద్యార్థి మనస్సు తనకు తాను ఏమి చెప్పుకుంటుందో, దానికి ఏమి బదులు చెప్పాలో ఆలోచించడం మనందరి బాధ్యత అని మేము భావిస్తున్నాము.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది దినాలలోనే ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో పొరపాట్లు దొర్లిన సంగతి కూడ అప్పుడే బయటపడింది. తెలుగులో సున్న వచ్చిందని మొదట ప్రకటింపబడిన ఒక విద్యార్థినికి నిజానికి వచ్చినవి 99 మార్కులు. కాగితం మీది సున్నను సరిదిద్దవచ్చును. కాని మార్కు నిజంగానే తక్కువ వచ్చినప్పుడు సైతం "నా బ్రతుకే సున్న" అని మనస్సు వేసుకునే లెక్క ఉన్నదే, అది అన్నింటికంటె పెద్ద తప్పులెక్క. నిరాశ అంటే ఒట్టి దుఃఖం కాదు; దుఃఖం కూర్చుని వేసే తప్పులెక్క. దానిని సరిదిద్దే శక్తి విశ్వాసానికి గలదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బైబిలు ప్రవక్తలలో ఏలీయా ధీరుడు. ఉర్దూ విభాగంలోని మన మిత్రులు ఖురానులో ఇలియాస్ పేరుతో ఎరిగిన ప్రవక్త ఆయనే. రాజుల మొదటి గ్రంథం చెప్పే కథ ప్రకారం, కర్మెలు పర్వతం మీద నాలుగువందల యాభైమంది బయలు ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలిచి గెలిచినవాడాయన. ఆ గెలుపు తడి ఆరకముందే యెజెబెలు రాణి పంపిన ఒక్క బెదిరింపు మాటకు ప్రాణభీతితో పారిపోయాడు. బెయేర్షెబాలో తన సేవకుని విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యంలోకి ఒక దినప్రయాణం సాగి, ఒక బదరీవృక్షం క్రింద కూలబడి, ఇక చాలునని, తన ప్రాణం తీసుకొమ్మని దేవుని వేడుకున్నాడు. నిరాశ మొదట చేసే పని తోడును దూరం చేయడమేనని ఇక్కడ మనం గ్రహించవచ్చు.

దేవుడు ఆయనను గద్దించలేదు. అవిశ్వాసివని నిందించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ, పాత్రలో నీళ్ళూ చూపించాడు. తిని మళ్ళీ నిద్రించిన ప్రవక్తను దూత రెండవసారి లేపి మళ్ళీ తినిపించాడు. ముందున్న ప్రయాణం ఆయన శక్తికి మించినదని చెప్పాడు. ముందు నిద్ర, అన్నం. ప్రశ్న, బోధ ఆ తరువాత! అలసిన శరీరం వేసే లెక్కలు నమ్మదగినవి కావని ఆ దూతకు తెలుసు.

నలభై దినాల నడక తరువాత హోరేబు పర్వతపు గుహలో ఏలీయా తన గోడు వెళ్ళబోసుకున్నాడు. భక్తులందరూ పోయారని, తానొక్కడే మిగిలానని రెండుసార్లు అదే మాట పలికాడు. దేవుడు ఆయనకు ఇచ్చిన జవాబులో మూడు సంగతులు ఉన్నాయి. ఒకటి, తిరిగి వెళ్ళి చేయవలసిన పని. రెండు, తోడుగా ఎలీషా అనే యువకుడు. మూడు, దిద్దిన లెక్క: బయలుకు మోకరించని వారు ఇశ్రాయేలులో ఏడువేలమంది ఉన్నారు. ఒకటి అనుకున్నచోట ఏడువేలు! విశేషమేమంటే, నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి పోషించినట్లు ఓబద్యా అనే అధికారి అంతకు ముందే ఏలీయాతో స్వయంగా చెప్పియున్నాడు. అయినా గుహలో ఉన్న మనిషికి అది గుర్తురాలేదు. తెలియని దానినే కాదు, తెలిసిన దానిని కూడ నిరాశ లెక్కలో నుండి కొట్టివేస్తుంది.

తెలుగు బైబిలులో "మారుమనస్సు" అనే చక్కని మాట ఉన్నది. పాపానికై కన్నీరు కార్చడమే దాని భావమని చాలామంది తలుస్తారు. మాటలోనే అర్థం ఉన్నది: మారిన మనస్సు. రోమా పత్రిక పన్నెండవ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు విశ్వాసులను కోరినది కూడ ఇదే: లోకపు పోకడలకు ఒదిగిపోక, మనస్సు నూతనమగుట చేత రూపాంతరం పొందమని. లోకపు కొలతలు ర్యాంకు, ఉద్యోగం, పరువు. మనిషి విలువ అతడు సాధించిన దానిలో గాక, అతనిని ప్రేమించి సృజించిన దేవునిలో ఉన్నదన్నది క్రైస్తవ విశ్వాసపు కొలత. కొలత మారినప్పుడు లెక్క మారక తప్పదు.

ఇది గ్రంథాలకే పరిమితమైన మాట కాదు. చిత్తూరు జిల్లా పొలిమేర దాటగానే ఉన్న రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళివచ్చిన తెలుగు కుటుంబాలెన్నో. 1925లో కేరళలో జన్మించిన మేరీ వర్గీస్ ఆ కళాశాలలో చదివి వైద్యురాలైంది. 1954లో జరిగిన మోటారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని, నడుము క్రింది భాగం శాశ్వతంగా చచ్చుబడింది. నిలబడలేని మనిషి శస్త్రచికిత్స చేయగలదా? చేయలేదన్నదే ఎవరైనా వేసే లెక్క. కాని కుష్ఠురోగుల చేతులను బాగుచేయడంలో పేరుగాంచిన డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడే పనిచేస్తుండేవారు. చేతి శస్త్రచికిత్సను కూర్చుని చేయవచ్చును. పోయినవి కాళ్ళు, చేతులు పోలేదు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని, ముడుచుకుపోయిన ఎందరో రోగుల వ్రేళ్ళను తిరిగి తెరిపించింది. ఆ చికిత్సలో కిటుకు కూడ ఇదే: ఇంకా బలమున్న కండరాన్ని మళ్ళించి, బలం పోయిన వ్రేళ్ళకు అతకడం. అనంతరం న్యూయార్కులో పునరావాస వైద్యం అభ్యసించి వచ్చి, 1966లో వేలూరులో వెన్నుపాము దెబ్బతిన్నవారి కోసం పునరావాస కేంద్రం నెలకొల్పడానికి సారథ్యం వహించింది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది. 1986లో మరణించేవరకు ఆమె కాళ్ళు తిరిగి నడవలేదు. విశ్వాసం ఆమెకు ఇచ్చినది పోయిన దానిని కాదు. మిగిలిన దానిని చూసే చూపును.

విశ్వాసం ఉన్నవారికి నిరాశ రాకూడదని కొందరు పెద్దలు అంటారు. ఆ మాట మంచి ఉద్దేశంతోనే అన్నా, క్రుంగిన మనిషి నెత్తిన మరొక బరువు పెడుతుంది. ఏలీయా అంతటివాడికే వచ్చినది మనకు రాకూడదా? మనస్సు జబ్బుపడినప్పుడు వైద్యుని వద్దకు వెళ్ళడం అవిశ్వాసం కాదు. ఆ దూత తెచ్చిన అప్పమూ, నీళ్ళూ నేడు ఆ రూపంలో రావచ్చును. ఇక ఇతర మతాల మిత్రులకు ఒక మాట. పోగొట్టుకున్న కుమారుని కోసం కండ్లు కాయలు కాచిన యాకూబు ప్రవక్త, దేవుని కరుణ యెడల ఆశ వదలవద్దని తన కుమారులకు బోధించినట్లు ఖురాను చెబుతున్నది. ఆశ ఏ ఒక్కరి సొత్తు కాదు.

విద్యార్థులారా! మీ మనస్సు "అంతా", "ఎవరూ", "ఎప్పటికీ" అనే మాటలతో లెక్క వేయనారంభించినప్పుడు ఆ లెక్కను నమ్మకండి. ముందు తినండి, నిద్రపోండి. తరువాత ఆ లెక్కను తల్లికో, మిత్రునికో, గురువుకో చూపించండి. ఇంట్లో చెప్పుకోలేని రాత్రి, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. ఫలితాల దినాన కళాశాల తలుపులు తెరిచి ఉంచండి. ఉత్తీర్ణులకు మిఠాయి పంచే బల్ల పక్కనే మరొక బల్ల వేయించి, ఇద్దరు అధ్యాపకులను కూర్చోబెట్టండి. సప్లిమెంటరీ పరీక్ష వివరాలు అక్కడే లభించాలి. రాని విద్యార్థుల ఇండ్లకు ఆ సాయంత్రమే ఎవరైనా వెళ్ళాలి. దీనికి ఖర్చు స్వల్పం. బదరీవృక్షం క్రింద కూలబడినవాడు తనంతట తాను లేచి రాలేదు. ఒకరు వెళ్ళి తట్టి లేపారు. ఆ ఒకరు మనమే కావాలి.