ప్రత్యర్థి పక్కింట్లోనే ఉన్నాడు.. ఎప్పుడైనా చూశామా?

దుబాయ్: క్రికెట్ అంటే మనవాళ్లలో ప్రతి ఒక్కరూ సెలెక్టరే. ఎవరిని తీసుకోవాలో, ఎవరిని పక్కన పెట్టాలో కరామా హోటల్లో టీ తాగుతూ తేల్చేస్తాం. అదే యూఏఈ ఫుట్‌బాల్ జట్టులో ముగ్గురి పేర్లు చెప్పమంటే తెల్లముఖం వేస్తాం. పదేళ్లు, ఇరవయ్యేళ్లుగా ఇక్కడి ఉప్పు తింటున్నా ఇక్కడివాళ్లు ప్రాణం పెట్టే ఆట సంగతి మనకు పట్టదు. భారత్, యూఏఈ తలపడిన రోజున మాత్రం జెండా పట్టుకుని స్టేడియానికి పరుగెత్తుతాం. స్కోరు చూసి నీరసంగా తిరిగొస్తాం.

మళ్లీ ఈ రెండు జట్లూ ఎదురుపడేది ఏ క్వాలిఫయర్‌లోనో, ఏ స్నేహపూర్వక మ్యాచ్‌లోనో. 2027 ఆసియా కప్‌కు యూఏఈ అర్హత సాధించింది. మన జట్టేమో 2025 అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి ఆ అవకాశాన్ని చేజార్చుకుంది. కాబట్టి కాస్త వ్యవధి ఉంది. పరీక్ష తేదీ వచ్చాక పుస్తకం తెరిచే అలవాటు మానుకుని, ఈలోగా ప్రత్యర్థి ఎవరో తెలుసుకుంటే తప్పేముంది?

ముందు పాత లెక్కలు చూద్దాం. 2001 ప్రపంచకప్ క్వాలిఫయర్లలో బెంగళూరులో మనం యూఏఈని 1-0తో ఓడించాం. అల్ ఐన్‌లో అంతే తేడాతో ఓడాం. ఆఖరికి గ్రూపులో వాళ్లకు 12 పాయింట్లు, మనకు 11. ఒక్క పాయింటు తేడా! పదేళ్ల తర్వాత, 2011 జులైలో అల్ ఐన్‌లో మొదటి అరగంటలోనే మనవాళ్లిద్దరు రెడ్ కార్డులతో బయటికొచ్చారు. 0-3తో ఓడాం. ఢిల్లీలో 2-2తో పరువు దక్కింది.

2019 జనవరి 10న అబుదాబి జాయెద్ స్పోర్ట్స్ సిటీలో జరిగిన ఆసియా కప్ మ్యాచ్ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 43 వేల మందికి పైగా వచ్చారు. భారత్ బంతి రెండుసార్లు క్రాస్‌బార్‌కు తగిలి వెనక్కొచ్చింది. ఖల్ఫాన్ ముబారక్, అలీ మబ్‌ఖూత్ చెరొక గోల్ కొట్టి 2-0తో గెలిపించారు. స్కోరు చెప్పినంత తేడా ఆటలో లేదు. కానీ రెండేళ్లు తిరిగేసరికి, 2021 మార్చి 29న దుబాయ్ జబీల్ స్టేడియంలో 0-6! మబ్‌ఖూత్ ఒక్కడే మూడు కొట్టాడు.

ఒక్క పాయింటు తేడా ఆరు గోల్స్ దాకా ఎలా పెరిగింది? మనం వెనకబడ్డామని ఒక్క ముక్కలో తేల్చేస్తే సరిపోదు. వాళ్లేం చేశారో కూడా చూడాలి.

1971లో పుట్టిన ఈ చిన్న దేశం 1990లోనే ఇటలీ ప్రపంచకప్ ఆడింది. అక్కడ మూడు మ్యాచ్‌లూ ఓడినా అంతటితో చేతులు ముడుచుకోలేదు. 1996లో సొంతగడ్డపై ఆసియా కప్ ఫైనల్ దాకా వెళ్లి సౌదీ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. 2007, 2013ల్లో గల్ఫ్ కప్ గెలిచింది. 2008లో లీగ్‌ను పూర్తిగా ప్రొఫెషనల్ చేసింది. అల్ ఐన్ క్లబ్ 2003లోనూ, మళ్లీ 2024లోనూ ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచింది. 2018 క్లబ్ ప్రపంచకప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌తో తలపడింది.

ఇక 2020 నుంచి మరో దారి తొక్కారు. ఏళ్ల తరబడి ఇక్కడి క్లబ్బుల్లో ఆడుతున్న బ్రెజిల్, అర్జెంటీనా ఆటగాళ్లకు పౌరసత్వమిచ్చి జాతీయ జట్టులోకి తీసుకున్నారు. ఆ 0-6 మ్యాచ్‌లో గోల్స్ కొట్టిన ఫాబియో లిమా, సెబాస్టియన్ తగ్లియాబు ఇద్దరూ అలా వచ్చినవాళ్లే. మనకు ఆ వెసులుబాటు తక్కువ. ద్వంద్వ పౌరసత్వం మన చట్టం ఒప్పుకోదు. విదేశీ పాస్‌పోర్టు వదులుకుంటేనే భారత్ జెర్సీ దక్కేది.

మరి వీళ్లకు లోపాలే లేవా? ఎందుకు లేవు! కోచ్‌లను తరచూ మారుస్తారు. పౌలో బెంటోను 2025 మార్చిలో, అదీ క్వాలిఫయర్ గెలిచిన వెంటనే తప్పించారు. మబ్‌ఖూత్ దేశానికి 85 గోల్స్ కొట్టాడు. అలాంటివాడి తర్వాత ఆ బరువు మోసేవాడి కోసం వెతుకులాట తప్పలేదు. అన్నిటికీ మించి, ఒత్తిడిలో చివరి నిమిషాలు వీళ్లకు గండం. 2025 అక్టోబరులో ఖతర్‌తో డ్రా చేసుకుంటే చాలు, 2026 ప్రపంచకప్ బెర్తు ఖాయం. 1-2తో ఓడారు. నవంబరులో ఇరాక్‌పై మరో అవకాశం దొరికితే బస్రాలో ఇంజురీ టైమ్ పెనాల్టీతో అదీ పోయింది. ఆఖరి విజిల్ దాకా నిలబడే జట్టుకు యూఏఈ మీద ఆశ ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది కదా.

ఓడించినవాణ్ని చదివి గెలవడం మనకు కొత్తేం కాదు. ఆ పాఠం చెప్పిన మాస్టారు మన హైదరాబాదీయే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని భారత్ గ్రూపు దశలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. తలకు గాయమై కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసలో దింపారు. ఆ జర్నైలే గోల్ కొట్టాడు. 2-1తో స్వర్ణం మనదైంది. ఆ బృందంలో మన సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం కూడా ఉన్నారు.

ఇంకో సంగతీ మరవకూడదు. 2019 మ్యాచ్‌కు ముందు ఒక వీడియో చక్కర్లు కొట్టింది. కొందరు ఆసియా కార్మికులను పంజరంలో పెట్టి, యూఏఈకి మద్దతిస్తామంటేనే వదులుతానన్నాడు ఓ పెద్దమనిషి. తర్వాత అది సరదాకేనన్నాడు. యూఏఈ అటార్నీ జనరల్ ఊరుకోలేదు, అరెస్టుకు ఆదేశించారు. ఎవరికి చప్పట్లు కొట్టాలన్నది మన ఇష్టం. ఆ సంగతి ఇక్కడి చట్టమే గట్టిగా చెప్పిందన్నమాట.

అయితే ఆ ఇష్టానికి కాస్త ఎరుక తోడైతే బాగుంటుంది. ఊద్ మేథాలోని అల్ నాసర్ స్టేడియం కరామాకు కూతవేటు దూరం. 0-6 చూసిన జబీల్ స్టేడియం కూడా దగ్గర్లోనే ఉంది. సెలవు రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్క లీగ్ మ్యాచ్‌కు వెళ్దాం. పక్క సీటులోని ఇమారాతీ కుర్రాడిని ఆటగాళ్ల గురించి అడిగితే సంబరంగా చెబుతాడు. రేపు భారత్ ఇక్కడికి ఆడటానికొస్తే, ఎదుటి జట్టులో ఎవరు ఏ కాలితో కొడతారో మన పిల్లలే మనకు చెబుతారు. జెండా ఎలాగూ మన చేతిలోనే ఉంటుంది.