ముందు బెంచీ ఒక్కటే సరిపోదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేస్తే హాస్టల్ జ్ఞాపకాలు రాస్తానని ఒప్పుకున్నాను. నీళ్ల పప్పు, తాళం పోయిన ట్రంకు పెట్టెలు, గుడ్డు పెట్టే రోజు మెస్ దగ్గర లైను... రాయడానికి బోలెడున్నాయి. అయితే అవి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, నాకన్నా బాగా రాస్తున్నారు. అందుకని ఈసారి స్టడీ హాల్లో మూలనున్న నాలుగు పాత కంప్యూటర్ల గురించి, వాటిలో ఒకదాని ముందు ముక్కు తెరకు ఆనించి కూర్చునే ఒక తమ్ముడి గురించి రాస్తున్నాను.

పోయినసారి నేను వచ్చినప్పుడు సాయంత్రం స్టడీ అవర్ నడుస్తోంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు. దళసరి అద్దాలు. తెరకూ వాడి ముఖానికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. వెనక నుంచి ఎవరో "ఒరేయ్ సోడాబుడ్డీ, లోపలికి దూరిపోతావేమో" అన్నారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు మిత్రులారా, ఎందుకంటే ఇదే హాల్లో నేనూ అలాగే నవ్వాను.

నాది 2004 పదో తరగతి బ్యాచ్. తొమ్మిదిలో ఉండగా బోర్డు మీద అక్షరాలు చెదరడం మొదలైంది. మాస్టారు ముందు బెంచీలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచీ కనపడలేదు. పట్నంలో అద్దాలు చేయించారు. అవి పెట్టుకున్నా తేడా లేదు. కానీ "ఇప్పుడు కనపడుతోందా నాయనా" అని అమ్మ అడిగితే కనపడుతోందనే చెప్పాను. కనపడటం లేదంటే ఇంకో జత అద్దాలకు మళ్లీ అప్పు చేస్తుందని నా భయం. పక్కవాడి నోట్సు చూసి రాసేవాణ్ని. కాపీ కొడుతున్నానని రెండుసార్లు దెబ్బలు తిన్నాను. లెక్కల్లో 3కీ 8కీ తేడా తెలియక తప్పిన మార్కులు తెలివి తక్కువ ఖాతాలోకి వెళ్లాయి. డిగ్రీ చదివేటప్పుడు హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూసి చెప్పేదాకా, కంటి వెనక పొర మధ్యభాగమే దెబ్బతిన్నదనీ, దానికి అద్దాలతో సంబంధం లేదనీ నాకు తెలియదు.

దీన్ని లో విజన్ అంటారు. గుడ్డితనం కాదు, మామూలు చూపూ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో దీనికి వేరే నిర్వచనమే ఉంది. అన్ని చికిత్సలూ చేసి, మంచి అద్దాలు పెట్టాక కూడా, రెండింటిలో మెరుగైన కంటి చూపు 6/18కీ 3/60కీ మధ్య ఉంటే లో విజన్ కిందికి వస్తుంది. 6/18 అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేదాన్ని ఈ పిల్లవాడు 6 మీటర్ల దగ్గరికి వచ్చి చదువుతాడన్న మాట. దగ్గరికి రానిస్తే చదువుతాడు. లేదా అక్షరాన్ని వాడి దగ్గరికి తేవాలి. కంటి వెలుగు శిబిరాలు తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో మొదలై ఎంతోమంది పిల్లలకు అద్దాలు ఇచ్చాయి, మంచిదే. అయితే అద్దాలతో సరిచేయలేని చూపు ఉన్న పిల్లవాడికి అద్దాలు చేతిలో పడ్డాక "నీకు ఇచ్చేశాం కదా" అనే మాట మిగులుతుంది. ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

ఇక కంప్యూటర్ల సంగతి. మన నాలుగు మెషీన్లూ పూర్వ విద్యార్థులు చందాలేసుకుని కొన్న సెకండ్‌హ్యాండువి. 4 జీబీ ర్యామ్. వాటిలో విండోస్ 7 ఉండేది. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే మద్దతు ఆపేసింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు వీటిలో లేదు. పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామని ఒక మిత్రుడు అన్నాడు. వద్దని నేను పట్టుబట్టి నాలుగింటిలోనూ జుబుంటు 24.04 వేశాను. ఇది లినక్స్, ఉచితం. దీని డెస్క్‌టాప్‌ను ఎక్స్ఎఫ్‌సీఈ అంటారు. ఇది తేలిక, పాత మెషీన్ మీద కూడా ఆయాసపడదు. నేను లినక్స్ భక్తుణ్ని కాను. విండోస్ 11 నడిచే మెషీన్ ఉంటే అందులో విండోస్ మీటా ప్లస్ మీటా కలిపి నొక్కండి, భూతద్దం వస్తుంది, బాగానే ఉంటుంది. మన దగ్గర లేదు కాబట్టి ఉన్నదాని గురించి చెబుతున్నాను.

ఎక్స్ఎఫ్‌సీఈలో భూతద్దం కోసం వేరే ఏదీ వేయక్కర్లేదు. 2015లో వచ్చిన 4.12 వెర్షన్ నుంచి అది లోపలే ఉంది. ఆల్ట్ మీటా పట్టుకుని మౌస్ చక్రం ముందుకు తిప్పితే తెర మొత్తం పెద్దదవుతుంది, వెనక్కి తిప్పితే మామూలవుతుంది. అంతే! తిప్పినా ఏమీ కాకపోతే సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి కంపోజిటర్ అనే చోట టిక్కు ఉందో లేదో చూడండి. మెషీన్ వేగం కోసం ఎవరో ఒకరు దాన్ని తీసేస్తుంటారు. మన రెండో మెషీన్లో అలాగే జరిగింది.

అయితే ఒక మాట. చాలామంది చేసే పొరపాటు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను. భూతద్దం దొరికిందని మొదటే నాలుగు రెట్లు పెంచకండి. మన తెర 1366 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు. రెండు రెట్లు పెంచితే ఒకసారికి కనిపించేది తెరలో నాలుగో వంతు. నాలుగు రెట్లు పెంచితే పదహారో వంతే. ఒక వాక్యం చదవడానికి మౌస్‌ను ఎడమ నుంచి కుడికి లాక్కెళ్లి, మళ్లీ ఎడమకు తెచ్చుకోవాలి. ఈలోగా వాక్యం మొదలు మర్చిపోతాం. అరగంటకు మెడ, గంటకు తల పట్టేస్తాయి. అందుకని ముందు అక్షరాన్నే పెంచాలి. సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్, అందులో ఫాంట్స్, అక్కడ డీపీఐ 96 ఉంటుంది. దాన్ని 120 గానీ 144 గానీ చేయండి. మౌస్ బాణాన్ని పెద్దది చేయండి. బ్రౌజర్లో అయితే కంట్రోల్, ప్లస్ నొక్కితే చాలా పేజీల్లో అక్షరాలు పెరిగి వరసలు వాటంతటవే సర్దుకుంటాయి, పక్కలకు జరపాల్సిన పని తగ్గుతుంది. ఇవన్నీ చేశాక ఇంకా చాలనప్పుడే భూతద్దం.

మన తెలుగుకు ఇది మరీ ముఖ్యం. ఇంగ్లీషు పెద్ద బడి అక్షరాలు కాస్త మసకగా ఉన్నా ఊహించుకోవచ్చు. మన ద, ధ మధ్య తేడా ఒక చిన్న గీత. ప, ఫ అంతే. డ, ఢ అంతే. ఒత్తులు అక్షరం కింద చీమల్లా ఉంటాయి. ఎక్స్ఎఫ్‌సీఈ భూతద్దం తెర మీదున్న చుక్కల్నే సాగదీసి చూపిస్తుంది, అక్షరాన్ని మళ్లీ కొత్తగా గీయదు. కాబట్టి బాగా పెంచితే అంచులు పేలికలవుతాయి, ఆ చిన్న గీత ముద్దలో కలిసిపోతుంది. ఫాంటు సైజు పెంచితే మాత్రం అక్షరం కొత్తగా, శుభ్రంగా గీయబడుతుంది. ఆ ఎనిమిదో తరగతి తమ్ముడికి పాఠాన్ని పెద్ద ఫాంటులో పెట్టి ఇస్తే, పది నిమిషాల తర్వాత వచ్చి "అన్నా, వ్యవస్థలో స కింద ఉన్నది థ ఒత్తా? ఇన్నాళ్లూ త ఒత్తు రాస్తున్నా" అన్నాడు. వాడి తెలుగు నోటుబుక్కులో ఎర్ర సిరా సున్నాలు ఎన్నున్నాయో అప్పుడు చూశాను.

లోపాలు దాచను. ఈ భూతద్దం మౌస్ వెంటే తిరుగుతుంది. టైపు చేస్తుంటే అక్షరాలు పడే చోటికి తనంతట తాను జరగదు, మనమే మౌస్‌ను తీసుకెళ్లాలి. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో ఆ సౌకర్యం ఉంది, కానీ అది మన మెషీన్లకు బరువు. ఇంకొకటి. చూపు అంచుల నుంచి మూసుకుపోతూ గొట్టంలోంచి చూస్తున్నట్టుండే పిల్లలుంటారు, రేచీకటితో మొదలవుతుంది. వాళ్లకు తెర మొత్తం పెంచితే మేలుకన్నా కీడే ఎక్కువ. ఉన్న కాస్త చూపులో పట్టేది ఇంకా తగ్గిపోతుంది. అలాంటివారికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, లేదంటే మౌస్ దగ్గరి కొంత భాగాన్నే వేరే కిటికీలో పెద్దగా చూపే మాగ్నస్ అనే చిన్న ప్రోగ్రాం పనికి రావచ్చు. ఏది సరిపోతుందో పిల్లవాణ్ని కూర్చోబెట్టి అడగాలి. వాడి కన్ను గురించి వాడికి తెలిసినంత మనకు తెలియదు.

ఫోన్లో కూడా పెద్దది చేసి చూసుకోవచ్చు కదా అంటారు. చూసుకోవచ్చు. కానీ హాస్టల్లో ఫోన్ ఎంతమందికి ఇస్తారు? పైగా రేపు ఉద్యోగం ఫోన్ మీద చేయరు, పరీక్షా ఫోన్ మీద రాయరు. ఇంకో మాట నాకు మరీ కష్టంగా అనిపిస్తుంది. "పదో తరగతికి స్క్రైబ్‌ను పెడదాంలే, ఇప్పుడెందుకీ తంటా" అంటారు. స్క్రైబ్ హక్కు, అవసరమైనవాడికి ఉండి తీరాల్సిందే. కానీ రాయగలిగినవాణ్ని చిన్నప్పుడే ఇంకొకరి చేతికి అప్పగిస్తే వాడు జీవితాంతం చెప్పేవాడిగానే మిగులుతాడు, రాసేవాడు కాలేడు. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పెట్టే కంప్యూటర్ పరీక్షలో, 40 శాతానికి తగ్గకుండా దృష్టి లోపం ఉన్నవారు ప్రశ్నల్ని పెద్ద అక్షరాల్లో చూసే వీలుంది, గంటకు 20 నిమిషాల అదనపు సమయమూ ఉంది. పెద్ద అక్షరాల తెరను మొట్టమొదట పరీక్ష హాల్లోనే చూసినవాడికి ఆ 20 నిమిషాలు అలవాటు పడటానికే సరిపోతాయి. నాకు సదరం సర్టిఫికెట్ 2011లో వచ్చింది, భూతద్దం మాత్రం అంతకు నాలుగేళ్ల ముందే ఇంటర్నెట్ సెంటర్లో విండోస్ ఎక్స్‌పీలో దొరికింది. తెర పైభాగాన ఒక పట్టీలా కనపడేది, అంతే. గంటకు పదిహేను రూపాయలిచ్చి దాంతోనే టైపు నేర్చుకున్నాను. ఇప్పుడు నేను చేసే జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం ఆ పట్టీ పెట్టిన భిక్షే.

అందుకే పూర్వ విద్యార్థులను ఒకటే అడుగుతున్నాను. ఈ ఏడు కూడా గోడ గడియారం, ఫ్యాను, శాలువా అనుకోకండి. పైసా ఖర్చు లేని పని ఇది. మీ ఊళ్లోని హాస్టల్‌కు వెళ్లి, మూలన పడ్డ మెషీన్ తుడిచి, ఒక పూట కూర్చోండి. వార్డెన్ గార్లకు, ట్యూటర్ సార్లకు నా మనవి, పుస్తకం ముక్కుకు ఆనించేవాళ్ల పేర్లు విడిగా రాసిపెట్టండి. అద్దాలున్నాయా లేవా అని కాదు, అద్దాలు పెట్టుకున్నాక ఎంత దూరం నుంచి చదువుతున్నారో చూడండి.

మన హాస్టల్లో మూడో మెషీన్‌ను ఆ తమ్ముడి కోసం సిద్ధం చేశాను. డీపీఐ 144, బాణం పెద్దది, వెనక రంగు ముదురు. ఎవరూ ఆటల కోసం మార్చకండి. వార్షికోత్సవం నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను దాని పక్కనే ఉంటాను, చూడాలనుకున్నవాళ్లు రండి. ఆ తెర కిటికీకి ఎదురుగా ఉంది, ఎండ నేరుగా పడి అక్షరాలు తెల్లబోతున్నాయి. బల్లను గోడవైపు తిప్పించమని ట్యూటర్ సారుకు పోయినసారే చెప్పి వచ్చాను. నిన్న ఫోన్ చేస్తే ఇంకా తిప్పలేదన్నారు.