రచ్చ గెలిచిన డచెస్

(‘చరిత్రలో మహిళ’ శీర్షిక)

‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ అన్నారు మన పెద్దలు. ముందు స్వగృహంలో మన్నన సంపాదించుకొని, ఆ తరువాత లోకంలో పేరు తెచ్చుకోవడం సహజమైన క్రమమని ఈ సామెత భావం. అయితే ఈ క్రమం తలక్రిందులైన జీవితాలు చరిత్రలో లేకపోలేదు. నడివీథిలో నిలబడి ఒక మహానాయకునికి విజయం సాధించిపెట్టి, తన ఇంటిలో మాత్రం తన బిడ్డను తన బిడ్డ అని చెప్పుకొనలేకపోయిన ఒక స్త్రీ కథను ఈ మాసం పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆమె పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో మిక్కిలి ప్రసిద్ధి గాంచిన డెవన్‌షైర్ డచెస్, జార్జియానా.

జార్జియానా 1757 జూన్ 7వ తేదీన ఆల్థార్ప్‌లో స్పెన్సర్ వంశంలో జన్మించింది. 1997లో పారిస్ నగరంలో కారు ప్రమాదంలో మరణించిన యువరాణి డయానా ఈ వంశపు ఆడపడుచే. జార్జియానా సోదరుని సంతతికి చెందినది. స్పెన్సర్ దంపతులు తమ పెద్ద కుమార్తెకు భాషలు, సంగీతం, నాట్యం నేర్పించారు. 1774 జూన్ మాసంలో ఆమెకు ఐదవ డెవన్‌షైర్ డ్యూక్ విలియం కేవెండిష్‌తో వివాహం జరిగింది. రాజవంశీయులను మినహాయిస్తే బ్రిటిష్ ప్రభువర్గంలో డ్యూక్ పదవిని మించినది లేదు. డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ భవనం, లండన్ పికడిలీ వీథిలోని డెవన్‌షైర్ హౌస్ ఆ కుటుంబపు నివాసాలు. వరుడు మితభాషి, ముభావి. వధువు ఉత్సాహవతి, స్నేహశీల. ఈ వివాహంలో ఐశ్వర్యం కుదిరినంతగా మనసులు కుదరలేదు.

భర్త వద్ద లభించని ఆదరణను ఆమె సమాజంలో వెదకుకున్నది. ఆమె తలపై నిప్పుకోడి ఈకలు ధరిస్తే లండన్ స్త్రీలందరూ ఈకల కోసం దుకాణాలకు పరుగుతీశారు. ఆమె ఏమి ధరించినదీ, ఎక్కడికి వెళ్ళినదీ పత్రికలు విడువకుండా ప్రచురించేవి. కాని ఈ వెలుగు వెనుక ఒక చీకటి కూడా ఉన్నది. ఆనాటి ప్రభువర్గంలో జూదం ఒక మహమ్మారి. ‘ఫారో’ అనే పేకాటలో జార్జియానా పోగొట్టుకొన్న ధనానికి లెక్క లేదు. అప్పు తీర్చడానికి మరొక అప్పు చేయడం, అసలు మొత్తాన్ని భర్తకు చెప్పక దాచడం, స్నేహితులను, బ్యాంకర్లను ప్రాధేయపడడం ఆమెకు జీవితాంతం తప్పలేదు. ఈ దోషాన్ని కప్పిపుచ్చడం మా ఉద్దేశం కాదు. అయితే ఒక్క విషయం గమనించాలి. వివాహిత అయిన స్త్రీకి ఆనాటి ఇంగ్లండు చట్టం ప్రత్యేకమైన అస్తిత్వాన్ని గుర్తించేది కాదు. భార్య చేతిలోని ధనం భర్తది. ఆమె చేసిన అప్పుకు బాధ్యత భర్తది. బిడ్డలపై హక్కు తండ్రిది. అంత గొప్ప డచెస్‌కు తనదని చెప్పుకొనడానికి స్వతంత్రమైన ఆదాయం లేదు. భర్త దయతలచి ఇచ్చినదే ఆమె సొత్తు.

ఆమెలోని అసలు శక్తి రాజకీయ రంగంలో బయటపడింది. కేవెండిష్ కుటుంబం విగ్ పార్టీకి మూలస్తంభం. రాజు అధికారానికి పార్లమెంటు కళ్ళెం వేయాలన్నది ఆ పార్టీ వాదం. డెవన్‌షైర్ హౌస్‌లోని విందులు, వినోదాలు కేవలం కాలక్షేపం కాదు. పార్టీ నాయకులు కలుసుకొనేది, వ్యూహాలు పన్నేది, అలిగిన వారిని బుజ్జగించేది అక్కడే. ఆ సమావేశాలకు కేంద్రం జార్జియానా. విగ్ నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్ ఆమెకు ఆప్తమిత్రుడు. నాటక రచయిత షెరిడన్, యువరాజు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆ గృహానికి నిత్య అతిథులు.

ఇక్కడ కథ మన దేశంతో ముడిపడుతుంది. 1783లో ఫాక్స్ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం ఒక ఇండియా బిల్లును కామన్స్ సభలో ప్రవేశపెట్టింది. ఈస్టిండియా కంపెనీ పాలనాధికారాన్ని పార్లమెంటు నియమించే కమిషనర్లకు అప్పగించాలన్నది దాని సారాంశం. ఆనాటికి మన ఉత్తర సర్కారులలో అధిక భాగం కంపెనీ ఏలుబడిలో ఉన్నది. కనుక మచిలీపట్నం, విశాఖపట్నం వంటి పట్టణాలపై పెత్తనం ఎవరిదన్న ప్రశ్న కూడా ఆ బిల్లులో ఇమిడి ఉన్నదే. బిల్లు కామన్స్ సభలో నెగ్గింది. కాని దానికి ఓటు వేసిన వారిని తన శత్రువులుగా పరిగణిస్తానని మూడవ జార్జి రాజు ప్రభువుల సభకు కబురు చేయించడంతో అక్కడ ఓడిపోయింది. ఆ డిసెంబరులోనే రాజు మంత్రివర్గాన్ని తొలగించి, ఇరువది నాలుగేళ్ళ విలియం పిట్‌ను ప్రధానిని చేశాడు. 1784 వసంతంలో ఎన్నికలు వచ్చాయి.

ఫాక్స్ పోటీ చేసిన వెస్ట్‌మినిస్టర్ సామాన్యమైన నియోజకవర్గం కాదు. స్థానిక పన్నులు చెల్లించే గృహస్థులందరికీ అక్కడ ఓటు ఉండేది. అందువలన మాంసం దుకాణదారులు, చెప్పులు కుట్టేవారు, చిల్లర వర్తకులు సైతం ఓటర్లే. రెండు స్థానాలకు ముగ్గురు అభ్యర్థులు నిలిచారు: ఫాక్స్, అడ్మిరల్ హుడ్, సర్ సెసిల్ రే. రహస్య ఓటింగు లేదు. ఓటరు అందరి ఎదుట వేదిక ఎక్కి తన ఓటు చెప్పాలి. ఏప్రిల్ 1 నుండి మే 17 వరకు, ఆదివారాలు మినహాయించి నలువది రోజులు పోలింగు సాగింది. ఏనాటికానాడు ఓట్ల సంఖ్య ప్రకటించేవారు. మొదటి వారాలలో ఫాక్స్ వెనుకబడ్డాడు.

అప్పుడు జార్జియానా వీథిలోకి వచ్చింది. చెల్లెలు హారియెట్‌ను వెంటబెట్టుకొని, టోపీకి నక్కతోక అలంకరించుకొని (ఫాక్స్ అన్న పేరుకు నక్క అని అర్థం కదా!) దుకాణం నుండి దుకాణానికి తిరిగింది. మెట్లు ఎక్కి ఇండ్లలోకి వెళ్ళి, చిరువర్తకులతో సమానస్థాయిలో మాట్లాడింది. పిట్ పక్షాన కూడా ఉన్నత కుటుంబాల స్త్రీలు ప్రచారం చేశారు. అయినా దాడి మాత్రం ఒక్క జార్జియానాపైనే కేంద్రీకృతమైనది. ఆమె ఓటుకు ముద్దు చొప్పున అమ్ముతున్నదని ప్రత్యర్థి పత్రికలు వ్రాశాయి. ఒక మాంసం దుకాణదారుని కౌగిలించుకొని ముద్దు పెడుతున్నట్లు రోలండ్‌సన్ వేసిన వ్యంగ్య చిత్రం అచ్చుబొమ్మల దుకాణాలకు ఎక్కింది. అంతకన్న నీచమైన బొమ్మలు ఎన్నో వెలువడ్డాయి. ఆ ధాటికి తాళలేక ఆమె కొద్ది రోజులు సెయింట్ ఆల్బన్స్‌లో ఉన్న తల్లి వద్దకు వెళ్ళిపోయింది. పార్టీ పెద్దలు తిరిగి రమ్మని వేడుకున్నారు. ఆమె వచ్చింది, మళ్ళీ వీథిలోకి దిగింది.

ఫలితం తేలిననాడు హుడ్ మొదటి స్థానంలోనూ, ఫాక్స్ రెండవ స్థానంలోనూ నిలిచారు. సర్ సెసిల్ రే కంటే ఫాక్స్‌కు లభించిన ఆధిక్యం రెండువందల పైచిలుకు ఓట్లు మాత్రమే. విజయోత్సవ ఊరేగింపు డెవన్‌షైర్ హౌస్ వాకిటికి చేరింది. దేశమంతటా విగ్ పార్టీ ఘోరంగా దెబ్బతిన్న ఆ ఎన్నికలలో వెస్ట్‌మినిస్టర్ ఒక్కటి వారి పరువు కాపాడింది. ఓటుహక్కు లేని ఒక స్త్రీ పట్టుదల ఆ విజయానికి ఎంతో తోడ్పడింది. కాని ఆ తరువాత ఆమె ఎన్నడూ అంత బాహాటంగా వీథి ప్రచారానికి దిగలేదు. బొమ్మలు చేసిన గాయం అటువంటిది.

రచ్చలో గెలిచిన ఆమె ఇంటిలో ఎలా ఉన్నది? వివాహానికి పూర్వం డ్యూక్‌కు మరొక స్త్రీ వలన కలిగిన కుమార్తె షార్లెట్‌ను జార్జియానా తన ఇంటికి తెచ్చి పెంచింది. 1782లో బాత్ నగరంలో పరిచయమైన ఎలిజబెత్ ఫాస్టర్ కష్టాలలో ఉన్నదని జాలిపడి, స్నేహితురాలిగా ఇంట చేర్చుకున్నది. అనతికాలంలోనే ఎలిజబెత్ డ్యూక్‌కు ప్రియురాలైనది. వారికి కలిగిన ఇద్దరు బిడ్డలు కూడా తరువాతి కాలంలో డెవన్‌షైర్ హౌస్‌లోనే పెరిగారు. ఈలోగా జార్జియానాకు 1783లో, 1785లో కుమార్తెలు, 1790లో వంశోద్ధారకుడైన కుమారుడు జన్మించారు.

ఇటువంటి కాలంలో యువ విగ్ నాయకుడు చార్లెస్ గ్రేకు ఆమె మనసిచ్చింది. 1791లో గర్భవతి అయినదని తెలిసినప్పుడు డ్యూక్ నిర్దాక్షిణ్యంగా షరతు విధించాడు: గ్రేను, పుట్టబోయే బిడ్డను విడిచిపెట్టాలి; లేదా తన ముగ్గురు బిడ్డలను మరల చూడరాదు. చట్టం పూర్తిగా ఆయన పక్షాన ఉన్నది. ఆమె దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1792 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని ఎక్స్ పట్టణంలో ఆడపిల్ల పుట్టింది. ఎలైజా అని పేరుపెట్టిన ఆ పసికందును గ్రే తల్లిదండ్రుల వద్దకు పంపివేశారు. 1793లో గాని జార్జియానాకు స్వదేశానికి రావడానికి అనుమతి లభించలేదు. తరువాత ఆమె ఎలైజాను చూడగలిగినది ఒక శ్రేయోభిలాషిగా మాత్రమే. డ్యూక్ బిడ్డలకు ఆశ్రయమిచ్చిన ఆ ఇంటిలో డచెస్ బిడ్డకు చోటు లేకపోయింది. ఒకే తప్పుకు రెండు తీర్పులు!

అయినా ఆమె కుప్పకూలిపోలేదు. ఖనిజాల సేకరణలో, విజ్ఞానశాస్త్ర పఠనంలో ఊరట పొందింది. స్విట్జర్లాండ్ పర్వతమార్గాలలో చేసిన ప్రయాణం గురించి తన బిడ్డలకు అంకితంగా వ్రాసిన కావ్యం అచ్చయి ప్రశంసలు అందుకున్నది. 1796లో వచ్చిన తీవ్రమైన వ్యాధి వలన ఒక కంటి చూపు పోయింది. ఒకనాడు లండన్ నగరం వేయినోళ్ళ పొగడిన సౌందర్యం నశించింది. అందంతోపాటే ఆమె ప్రతిష్ఠ కూడా అంతరిస్తుందనుకున్నవారు పొరపడ్డారు. క్రమంగా రాజకీయాలలోకి తిరిగి వచ్చి, చీలిపోయిన విగ్ వర్గాలను కలపడానికి తెరవెనుక కృషి చేసింది. 1806 ఫిబ్రవరిలో ఫాక్స్ మిత్రులు మళ్ళీ అధికారంలోకి వచ్చారు. ఆ ఆనందం ఆమెకు రెండు మాసాలైనా దక్కలేదు. 1806 మార్చి 30న, నలువది ఎనిమిదేళ్ళ వయస్సులో, డెవన్‌షైర్ హౌస్‌లో కన్నుమూసింది. 1809లో డ్యూక్ ఎలిజబెత్‌ను వివాహమాడాడు. డచెస్ బిరుదు కూడా స్నేహితురాలికే చెందింది.

చరిత్ర మరొక విచిత్రాన్ని మిగిల్చింది. చార్లెస్ గ్రే 1830లో ప్రధాని అయినాడు. ఆయన ప్రభుత్వం తెచ్చిన 1832 సంస్కరణ చట్టం ఎందరో మధ్యతరగతి పురుషులకు ఓటుహక్కు ఇచ్చింది. ‘పురుషులు’ అన్న మాటను ఓటరు అర్హతలో స్పష్టంగా చేర్చినది కూడా ఆ చట్టమే. జార్జియానాను ప్రేమించినవాడు అధికారంలో ఉండగా ఆమె వంటివారికి తలుపు మరింత గట్టిగా మూసుకున్నది. వివాహిత స్త్రీ తన ఆస్తిని తన పేర ఉంచుకొనే హక్కు ఇంగ్లండులో 1882 నాటికి గాని స్థిరపడలేదు. పురుషులతో సమానమైన ఓటు 1928లో గాని రాలేదు. మన దేశంలోనైతే 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలోనే వయోజన స్త్రీలందరూ పురుషులతో సమానంగా ఓటుహక్కు పొందారు.

ఎలైజా మాత్రం తల్లిని మరువలేదు. పెరిగి పెద్దదై, వివాహమై, తన కుమార్తెకు జార్జియానా అని పేరు పెట్టుకున్నది. ఏ చట్టమూ గుర్తించని బంధుత్వానికి ఆ పేరే సాక్ష్యం.

జార్జియానాను ఆదర్శమూర్తిగా నిలబెట్టాలని మేము అనడం లేదు. ఆమె జూదమాడింది, అప్పులు దాచింది, పొరపాట్లు చేసింది. అయితే ఆమెను ‘ఇంట గెలవలేదు’ అని నిందించే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఇల్లు ఆమెదైతే కదా గెలవడం! ఇంటిపై హక్కు, ధనంపై హక్కు, కన్నబిడ్డపై హక్కు లేని మనిషి ఇంట గెలవడం ఎలా?

మన సంస్థలో పనిచేసే సోదరీమణుల జీతం వారి పేరిట వస్తుంది. ప్రావిడెంట్ ఫండ్ వారి పేరిట జమ అవుతుంది. పోలింగు కేంద్రంలో వారి ఓటు వారిదే. ఆ మహారాణీ వైభవంలో జార్జియానాకు దక్కనివి ఇవే. చట్టం ఇచ్చిన ఈ హక్కులకు ఇంటిలో కూడా అంతే విలువ లభిస్తున్నదా అన్నది ప్రతి కుటుంబమూ తనకు తానుగా చెప్పుకోవలసిన జవాబు.