అది సోమరితనము కాదు



నల్గొండ జిల్లాలోని ఒక పల్లెలో ఒక తల్లి, "అయ్యగారూ, మా పిలగాడు పిలిస్తే పలకడు, గాలి సోకిందేమో" అని ఏడ్చింది. మేము అతనిని సోమరితనము మానుమని గద్దించితిమి. అది మా తప్పు. అతనికి ఉన్నది స్కిజోఫ్రీనియా అని తరువాత తెలిసినది.

1974లో స్వీడన్‌లో ఇంగ్వార్, ఫ్రాన్జెన్ అనువారు ఇట్టి రోగుల మెదడులో రక్తప్రసరణను కొలిచిరి. ఆలోచనకు ముఖ్యమైన ముందు భాగమునకు అది తక్కువగా అందుచున్నట్లు కనుగొనిరి. మాట విని, గ్రహించి, జవాబు చెప్పుటకు చాలామంది రోగులకు ఎక్కువ సమయము పట్టును. కొన్ని మందుల వలన కూడ మందకొడితనము రావచ్చును. అప్పుడు డాక్టరుగారికి చెప్పవలెను గాని మనమే మందు ఆపరాదు.

ఒకసారి ఒక్క మాటే చెప్పండి. జవాబు కొరకు ఆగండి. ప్రార్థన చేయండి, మందులును వేయించండి. నల్గొండలోను మహబూబ్‌నగర్‌లోను "ఎర్రగడ్డకు పంపాలి" అని ఎగతాళి చేయుదుము. ఎర్రగడ్డలో ఉన్నది వైద్యము చేయు ఆసుపత్రి, సిగ్గుపడవలసిన చోటు కాదు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోన్ చేసినను ఉచితముగా సలహా ఇచ్చెదరు.

ఇప్పుడు ఆ తల్లి కొడుకును పిలిచి, ఆగుచున్నది. కొంతసేపటికి "ఆఁ, అమ్మా" అంటున్నాడు.