పసిబిడ్డలపై తొలి ప్రయోగము – అనుమతి ఏ భాషలో?

చంద్రునిపై తొలి అడుగు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కుమార్తె కేరన్ మూడేండ్లైనా నిండకుండ 1962 జనవరి 28న కన్నుమూసినది. మెదడు కాండములో పుట్టిన కంతి ఆమె ప్రాణమునకు ముప్పు తెచ్చినది. శ్వాసను, మింగుటను, కన్నుల కదలికను నడుపు నరములు ఆ చోటనే అల్లుకొని యుండును. కంతి వాని నడుమ నీటిలో సిరావలె వ్యాపించును గనుక శస్త్రవైద్యుడు దానిని కోసి తీయజాలడు. నాడు ఆ బిడ్డకిచ్చిన కిరణచికిత్సయే నేటికిని ప్రధాన చికిత్స. ఇట్టి కంతి సోకిన పిల్లలలో పెక్కుమంది ఏడాది దాటరు.

వీరిపై కొత్త మందును పరీక్షింపవచ్చునా? పిల్లలు ప్రయోగశాల కుందేళ్ళా యని కొందరు మిత్రులు మమ్ము నిలదీసినారు. వారి ఆవేదనను గౌరవింతుము, అభిప్రాయమును అంగీకరింపలేము. 1947-48లో బోస్టన్ నగరమున సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి చూడగా 10 మందిలో గుణము కనిపించినది. అది తాత్కాలికమే. ఆ మందును సమకూర్చినది మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందము. నేడు సంపన్న దేశములలో పిల్లల రక్తకేన్సర్లలో అధికముగా కనిపించు రకము సోకినవారిలో నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. ఆ తొలి ప్రయోగమును వలదని యుంటే ఈ దారి తెరచుకొనెడిదా?

మెదడు కంతులలో అంత భాగ్యము ఇంకను రాలేదు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము డోర్డావిప్రోన్ అను మందును అనుమతించినది. పరీక్షించిన 50 మందిలో 11 మందికి కంతి తగ్గినది. అయితే కేరన్‌కు వచ్చిన తరహా కంతులను ఆ లెక్కలో చేర్చలేదు.

మా అభ్యంతరము ప్రయోగముపై కాదు, దానిని తల్లిదండ్రులకు చెప్పు తీరుపై. మొదటి దశలో అడుగు ప్రశ్న మందు నయము చేయునా యని కాదు, ఎంత మోతాదును దేహము ఓర్చుకొనునని. సాధారణముగా ముగ్గురికి స్వల్ప మోతాదు ఇచ్చి, హాని లేకున్న తరువాతి ముగ్గురికి పెంచెదరు. ముందు చేరిన బిడ్డకు దక్కునది అతి తక్కువ మోతాదే. కాని 'మందు' అన్నంతనే తల్లి చెవికి నయమగునన్న మాటయే వినబడును. ఉర్దూలో 'దవా' అన్నను అంతే. (దవా, దువా జంటగా పలుకు ఇండ్లలో పెరిగిన మాకిది కొత్త కాదు.)

తల్లిదండ్రుల అనుమతితోపాటు ఏడేండ్లు దాటిన బిడ్డ సమ్మతియు కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకములు చెప్పుచున్నవి. మంచిదే. కాని సంతకము చేయు పత్రము న్యాయస్థానపు తెలుగులో నుండిన ఆ తల్లికేమి బోధపడును? "ఇది మోతాదు పరీక్ష, నయమగునని చెప్పలేము, ఎప్పుడైనను మానుకొనవచ్చును, మానినను నొప్పికి వైద్యము ఆగదు" అని మొదటి పుటలోనే ఉండవలెను. మన కళాశాలలో రెండు భాషలను చదువు విద్యార్థులున్నారు. అట్టి పత్రములను ఇంటి తెలుగులో, ఇంటి ఉర్దూలో వ్రాసిపెట్టు పనిని వారికప్పగింపవలెనని కళాశాల సంఘమువారిని కోరుచున్నాము.