బుద్ధిమంతుల బండి

మా ఇంట్లో మోటార్‌సైకిల్ మాటెత్తితే చాలు, అమ్మ ముఖం మాడ్చుకునేది. ఆవిడ దృష్టిలో అది రౌడీల బండి. నాన్నకి స్కూటరుండేది. పొద్దున్నే దాన్ని ఓ పక్కకి ఒరగదీసి, నాలుగు కిక్కులు కొట్టి, ముందు నన్ను నిలబెట్టుకుని, వెనక అమ్మని కూర్చోబెట్టుకుని బయల్దేరేవారు. సంసారపక్షంగా ఉండేది ఆ దృశ్యం!

స్కూటరుకి ఈ మంచిపేరు పుట్టుకతోనే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ఫ్యాక్టరీ దెబ్బతిన్నాక, ఇటలీలోని పియాజియో కంపెనీ జనానికి చవకైన బండి చేద్దామనుకుంది. ఆ పని కొరాడినో డస్కానియో అనే విమానాల ఇంజినీరుకి అప్పగించింది. తమాషా ఏమిటంటే, ఆయనకి మోటార్‌సైకిళ్లంటే గిట్టదు. కాలెత్తి ఎక్కాలి, బట్టలకి నూనె మరకలు, పంక్చరైతే టైరు ఊడదీయడం ఓ యజ్ఞం. తనకి నచ్చనివన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. ఇంజిన్ని రేకు కింద దాచాడు, గేర్లు చేతికిచ్చాడు, కాళ్లు పెట్టుకోవడానికి ముందు చోటిచ్చాడు. అలా 1946లో వెస్పా వచ్చింది. సూటు నలగకుండా ఆఫీసుకెళ్లొచ్చు, గౌనుతోనూ నడపొచ్చు. 1953లో 'రోమన్ హాలిడే'లో ఆడ్రీ హెప్‌బర్న్ దానిమీద రోమ్ వీధులు చుట్టేశాక ఇక వేరే ప్రచారం ఎందుకు?

మన దగ్గరా అదే కథ. 1960ల్లో పియాజియో లైసెన్సుతో మొదలుపెట్టిన బజాజ్, 1989లో 'హమారా బజాజ్' అంటూ స్కూటర్ని ఇంటిల్లిపాదిదీ చేసింది. కానీ మా ఇంట్లోలాగే చాలా ఇళ్లలో నడిపేది మగవాళ్లే. ఆడవాళ్ల చేతికి బండి ఇచ్చింది గేర్లు లేకపోవడం, బటన్ స్టార్టు. 1984లో కైనెటిక్ హోండా, 1990ల్లో స్కూటీ, 2001లో యాక్టివా వచ్చాయి. మజా అంతా అబ్బాయిలకేనా అని ప్రియాంకా చోప్రా అడిగింది ఆ తర్వాతే. స్కూటర్ల పని అయిపోయిందనుకుని బజాజ్ 2009లో వాటికి దణ్ణం పెట్టేసింది. 2020లో మళ్లీ అదే చేతక్ పేరుతో, ఈసారి బ్యాటరీతో తిరిగొచ్చింది!

అమ్మకానికి పనికొచ్చిన ఆ 'సాధు' ముద్రతోనే నా పేచీ. మొదటి యాక్టివా చక్రం 10 అంగుళాలు. మామూలు మోటార్‌సైకిల్‌ది 17, 18 ఉంటుంది. పెద్ద చక్రం దాటేసే గుంటలో చిన్నది దిగబడుతుంది. బరువు వంద కిలోలపైనే, వేగం 80 దాకా లాగుతుంది. అయినా 'స్కూటీయేగా, పక్క వీధికేగా' అంటూ హెల్మెట్ ఇంట్లో వదిలేస్తాం. మా వదినా అలాగే కొత్తిమీర కోసం వెళ్లింది. వాననీళ్లు నిండిన గుంట. నుదుటిమీద ఏడు కుట్లు.

మొన్నామధ్య ఇంటికో స్కూటర్ కొందామని అమ్మని వెంటబెట్టుకుని షోరూముకెళ్లాం. సేల్స్ కుర్రాడు ఉత్సాహంగా సీటు ఎత్తి చూపించాడు. ఎంత సామానైనా పడుతుందన్నాడు. మొబైల్ చార్జింగ్ ఉందన్నాడు. "చాలా స్మూత్ మేడమ్, మీరు కూడా నడిపేయొచ్చు" అన్నాడు.

అమ్మ అంతా ఓపిగ్గా విని, "పడితే దెబ్బ కూడా స్మూత్‌గానే తగులుతుందా నాయనా?" అంది.

కుర్రాడు ఓ క్షణం తడబడ్డాడు. "హెల్మెట్లు లోపలున్నాయండీ, తెస్తా" అంటూ వెళ్లాడు.