పాస్‌వర్డ్‌కు పెరటి తలుపు

2016 మార్చి 19న హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచార సారథి జాన్ పొడెస్టాకు గూగుల్ పేరిట ఒక మెయిల్ వచ్చింది. మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయింది, ఉక్రెయిన్ నుంచి మీ ఖాతాలోకి చొరబడబోయారు, వెంటనే మార్చుకోండి అన్నది దాని సారాంశం. కింద నొక్కడానికి ఒక బటన్. అనుమానం వచ్చిన సహాయకురాలు ప్రచార బృందంలో కంప్యూటర్లు చూసే ఉద్యోగిని అడిగింది. ‘మెయిల్ అసలైనదే, పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చాలి’ అని జవాబొచ్చింది. నకిలీదని రాయబోయి పొరపాటున అలా కొట్టానని అతను తరవాత చెప్పుకొన్నాడు. విచిత్రమేమిటంటే, ఆ జవాబులోనే గూగుల్ అసలు పేజీ చిరునామా కూడా ఇచ్చాడు. అయినా నొక్కింది మాత్రం మోసగాళ్ల బటన్‌నే. ఆ ఖాతాలోని వేలాది మెయిళ్లు అక్టోబరు నుంచి వికీలీక్స్‌కెక్కాయి. 2018 జులైలో అమెరికా న్యాయశాఖ ఈ తరహా చొరబాట్లకు 12 మంది రష్యా సైనిక గూఢచారులపై అభియోగాలు మోపింది.

ఈ ఉదంతాన్ని ‘లింకులు నొక్కకండి’ అని చెప్పడానికే వాడుతుంటారు. నాకు కనిపించేది వేరు. పాస్‌వర్డ్ మార్చుకోమన్న సలహాలో తప్పేమీ లేదు. మోసగాడూ ఆ మాటే అన్నాడు, సహాయం చేయబోయినవాడూ ఆ మాటే అన్నాడు. కంపెనీలు నిజంగా పంపే హెచ్చరికలూ అచ్చం అలాగే ఉంటాయి: అదే తొందర, అదే బటన్, అదే భయం. దేశాధ్యక్ష పదవికి పోటీపడుతున్న అభ్యర్థి కార్యాలయమే తేడా పట్టలేకపోతే, ఏలూరులో ఒక రిటైర్డ్ మాస్టారు పట్టాలని ఆశించడం న్యాయమేనా? అప్రమత్తంగా ఉండండి అనే ప్రచారానికి విలువ లేదని కాదు. బాధ్యతంతా ఖాతాదారు నెత్తిన వేసి చేతులు దులుపుకోవడానికి అదొక సాకుగా మారింది.

ఇంటి ముందు ఎంత పెద్ద తాళం వేసినా దొంగ చూసేది పెరటి తలుపునే. ఇక్కడ ఆ పెరటి తలుపు ‘పాస్‌వర్డ్ మరిచిపోయారా?’ అనే చిన్న లింకు. 2008 సెప్టెంబరులో ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఉన్న సారా పేలిన్ యాహూ ఖాతాను ఒక కాలేజీ కుర్రాడు ఆ దారినే తెరిచాడు. హ్యాకింగ్ విద్యలేవీ వాడలేదు. పుట్టినతేదీ, పిన్‌కోడ్, భర్తను మొదట ఎక్కడ కలిశారు అన్న ప్రశ్నకు జవాబు సరిపోయాయి. అవన్నీ ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతికి తెలుసుకోగలిగినవే. అతనికి ఏడాదీ ఒక రోజు శిక్ష పడింది. ఆ ప్రశ్నలు పెట్టినవారికి పడిన శిక్షంటూ ఏమీ లేదు.

‘రహస్య ప్రశ్న’ అనేది రహస్యమే కాదని 2015లో గూగుల్ సొంత పరిశోధకులే తేల్చారు. ఇష్టమైన తిండి ఏదన్న ప్రశ్నకు ఇంగ్లీషు మాట్లాడేవారి జవాబును ఒక్క ఊహతో పట్టేసే అవకాశం దాదాపు 20 శాతం. ఆ ఊహ ‘పిజ్జా’. మన దగ్గరైతే బిర్యానీ అని కొడితే చాలు. ఇక తల్లి పుట్టింటి ఇంటిపేరు మన ఊళ్లలో ఏనాడూ రహస్యం కాదు, పెళ్లిలో మేనమామను అడిగితే చెబుతాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇలాంటి ప్రశ్నలు వద్దంది. ఎప్పటికప్పుడు పాస్‌వర్డ్ మార్చమని బలవంతపెట్టడమూ మానమంది. రెండో మాట మన ఆఫీసుల్లో చాలాచోట్ల ఇంకా చెవికెక్కలేదు. నెలల లెక్కన మార్చమంటే జనం చేసేది చివరి అంకె పెంచడమే.

ప్రశ్నలు పోయి ఆ స్థానంలో ఫోన్‌కు వచ్చే ఓటీపీ కూర్చుంది. అంటే మెయిల్ ఖాతా భద్రత సిమ్ కార్డు భద్రత అయింది. మన సమస్య ముదిరేది ఇక్కడే. ప్రీపెయిడ్ నంబరు కొన్నాళ్లు వాడకపోతే కంపెనీ దాన్ని మూసేస్తుంది. మూసేసిన నంబరును 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ గడువు దాటితే ఇవ్వొచ్చనే కదా అర్థం. పాత నంబరుతో ముడిపడిన సమాచారం సంగతి చందాదారే చూసుకోవాలని కోర్టు కూడా అభిప్రాయపడింది. దుబాయ్‌కో డాలస్‌కో వెళ్లిన మనవాళ్లు ఎందరో ఇక్కడి సిమ్‌కు రీఛార్జి చేయించడం మరిచిపోతారు. మెయిల్‌కు రికవరీ నంబరుగా మాత్రం అదే ఉండిపోతుంది. ఓ రోజు కొత్త ల్యాప్‌టాప్‌లో లాగిన్ కాబోతే కోడ్ వెళ్లేది జగిత్యాలలోనో భీమవరంలోనో ఆ నంబరు తీసుకున్న మరెవరికో.

ఇంకో సంగతి మన పట్టణాలకే ప్రత్యేకం. ఇంటర్ అయిన పిల్లాడికి మెయిల్ ఐడీ తెరిచేది చాలాసార్లు నెట్ సెంటర్ కుర్రాడు. ఎంట్రన్స్ దరఖాస్తు చివరి తేదీ, బయట లైను, ఇంట్లో ఫోన్ నాన్న జేబులో. అందుకని కుర్రాడు తన నంబరే ఇచ్చి, పిల్లాడి పేరు పక్కన 123 చేర్చి పాస్‌వర్డ్ పెట్టేస్తాడు. అందులో దురుద్దేశం ఉండక్కర్లేదు. కానీ ఆ ఐడీయే తరవాత ఉద్యోగానికీ, పీఎఫ్‌కూ, పాస్‌పోర్టుకూ, బ్యాంకుకూ మూలమవుతుంది. పదేళ్ల తరవాత పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ నెట్ సెంటర్ స్థానంలో మొబైల్ షాపు ఉంటుంది. పైగా రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది.

ఇలా చిక్కుకున్న మనిషి ఏం చేస్తాడు? ‘జీమెయిల్ కస్టమర్ కేర్ నంబర్’ అని వెతుకుతాడు. ఉచిత ఖాతా పోయిందని ఫోన్ చేస్తే మాట్లాడే మనిషి ఆ కంపెనీకి లేడు. ఉన్నది వెబ్ పేజీ మాత్రమే. ఆ ఖాళీని మోసగాళ్లు పసిగట్టారు. వెతుకులాటలో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే అవతల ఒకడు మర్యాదగా ‘సర్, ఒక చిన్న యాప్ వేసుకోండి’ అంటాడు. స్క్రీన్ వాడి చేతికి పోతుంది, ఆనక ఓటీపీ, ఆనక బ్యాంకు ఖాతా. ఎనీడెస్క్ లాంటి యాప్‌లతో జరిగే ఈ తంతు గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. సాయం దొరకాల్సిన చోట మనిషి లేకపోవడమే ఈ మోసానికి పెట్టుబడి. దాన్ని బాధితుడి అమాయకత్వం కింద జమకట్టడం నాకు నచ్చదు.

మనుషుల్ని కూర్చోబెడితే వాళ్లనూ బురిడీ కొట్టిస్తారన్న వాదన కంపెనీల నుంచి వస్తుంది. కొట్టిపారేయదగ్గ వాదన కాదు. 2012 ఆగస్టులో వైర్డ్ పత్రిక విలేకరి మ్యాట్ హోనన్‌కు జరిగింది అదే. దుండగులు అమెజాన్ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి అతని కార్డు చివరి నాలుగంకెలు రాబట్టారు. యాపిల్ సిబ్బంది ఆ అంకెలనూ బిల్లింగ్ చిరునామానూ గుర్తింపుగా ఒప్పుకొన్నారు. అక్కడి నుంచి జీమెయిల్, ట్విటర్. ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్ అన్నీ గంటలో తుడిచిపెట్టుకుపోయాయి. అయితే ఇందులో తప్పు మనిషిది కాదు, నాలుగంకెలూ చిరునామా చాలన్న నిబంధనది. అనుమానాస్పద అభ్యర్థనను కొన్ని రోజులు ఆపి పెట్టడం, పాత నంబరుకూ కబురు పంపడం, గుర్తింపు పత్రంతో నేరుగా వచ్చినవారిని చూడటం అసాధ్యాలేమీ కావు. రికవరీ నంబరు మారిన తరవాత కూడా ఏడు రోజులపాటు పాత నంబరుతో ఖాతా తిరిగి పొందే వీలు గూగుల్ ఇస్తూనే ఉంది. అంటే తలచుకుంటే చేయగలరు.

తలచుకున్నప్పుడు ఫలితం ఎలా ఉంటుందో కూడా చూశాం. 2021లో ఆ సంస్థ ఎవరినీ బతిమాలకుండా 15 కోట్ల మందికి రెండంచెల ధ్రువీకరణ తానే అమర్చింది. ఆ ఖాతాల్లో చోరీలు సగానికి తగ్గాయని తానే ప్రకటించింది. ఏళ్ల తరబడి హితబోధలతో రానిది ఒక్క అమరికతో వచ్చింది. పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్‌తోనే లాగిన్ చేయించే పాస్‌కీలు ఇంకో మెట్టు పైన: అసలు సైటు చిరునామాకే స్పందిస్తాయి కాబట్టి నకిలీ పేజీకి చిక్కేదేమీ ఉండదు. ఫోన్ పోతే మాత్రం మళ్లీ అదే రికవరీ ప్రశ్న.

చట్టం వైపు చూస్తే దొంగకు శిక్ష ఉంది. ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు. ఖాతా పోగొట్టుకున్నవాడికి అది తిరిగి రావాలన్న హక్కు గురించి మాత్రం స్పష్టత లేదు. 2021 ఐటీ నిబంధనలు మధ్యవర్తి సంస్థలకు ఫిర్యాదుల అధికారిని తప్పనిసరి చేశాయి. 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలని, 15 రోజుల్లో పరిష్కరించాలని అప్పట్లో గడువు పెట్టాయి. ఆపై 2023లో అప్పీలు కమిటీలు వచ్చాయి. ఈ యంత్రాంగం మీద జరిగే చర్చంతా ఎవరు ఏం పోస్టు పెట్టారు, ఏది తీసేయాలి అన్నదాని చుట్టూనే తిరిగింది. మెయిల్ ఖాతా రికవరీని ఆ నిబంధనల్లో పేరు పెట్టి చేర్చాలి. మనిషి చూసి నిర్ణయం చెప్పాలి, తెలుగులో అడిగితే తెలుగులో చెప్పాలి, కాదంటే కారణం రాసివ్వాలి. బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్టు అన్నింటికీ మెయిల్ కావాలంటున్న ప్రభుత్వం ఈ మాత్రం అడగలేదా?

అది జరిగేలోగా మన చేతిలో ఉన్నది కొంచెమే. పాస్‌వర్డ్ మార్చమని మెయిల్ వస్తే అందులోంచి కాకుండా మీరే యాప్ తెరిచి వెళ్లండి. దొంగలు పడిన ఖాతా తిరిగి దక్కితే ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి, వచ్చే మెయిళ్లు తమకూ చేరేలా వాళ్లు అక్కడ ఏర్పాటు చేసుకుని పోతారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పిల్లల ఖాతా నెట్ సెంటర్‌లో తెరిచి ఉంటే, సెట్టింగుల్లో రికవరీ నంబరు ఎవరిదో ఈ వారమే చూసి మీది పెట్టుకోండి.